అబద్ధాలు చెప్పుకునే గంట: అబ్జర్వేషన్ హోమ్ పిల్లల చేత కథలు రాయించడం ఎలా

విశాఖలో నేను హోమ్‌కి వెళ్తానని తెలిసినవాళ్ళు మొదట అడిగేది ఒకటే: "ఆ కుర్రాళ్ళు ఏం చేసి వచ్చారండీ?" తెలీదంటాను. నమ్మరు. నిజంగానే తెలీదు. తెలుసుకోకుండా ఉండడానికి కొంచెం కష్టపడతాను కూడా. ఈమధ్య రిటైరైన టీచర్లు, కథలు రాసే మిత్రులు, ఒకరిద్దరు కాలేజీ పిల్లలు "మేమూ వస్తాం మేస్టారూ, అక్కడ ఏం చెయ్యాలో చెప్పండి" అంటున్నారు. విడివిడిగా చెప్పే ఓపిక లేక ఒక్కచోట రాస్తున్నాను. పిల్లల ఆనవాళ్ళు తెలిసే వివరాలన్నీ మార్చేశాను. అలా ఎందుకో చివర్లో వస్తుంది.

వెళ్ళేముందు తెలియాల్సినవి

నన్ను చాలామంది "జైల్లో పాఠాలు చెప్పే మేస్టారు" అంటుంటారు. అది తప్పు. 18 ఏళ్ళు నిండనివాళ్ళు అడవివరం సెంట్రల్ జైల్లో ఉండరు. 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం పిల్లల్ని లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. పట్టుకున్న 24 గంటల్లోపు జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డంటే ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు. ఆ ఇద్దరిలో ఒకరైనా ఆడవాళ్ళై ఉండాలి. బెయిలు దొరకనివాళ్ళు విచారణ అయ్యేదాకా అబ్జర్వేషన్ హోమ్‌లో ఉంటారు. తప్పు చేసినట్టు తేలాక బోర్డు స్పెషల్ హోమ్‌కి పంపితే అక్కడ ఎక్కువలో ఎక్కువ 3 ఏళ్ళు.

ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, మీ క్లాసు మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది. అబ్జర్వేషన్ హోమ్‌లో ఉన్న కుర్రాడి మీద ఇంకా ఏదీ రుజువు కాలేదు. పైగా వాడు ఎన్నాళ్ళుంటాడో ఎవరికీ తెలీదు. ఈ మంగళవారం సగం కథ రాసి "మిగతాది వచ్చే వారం మేస్టారూ" అన్నవాడు మర్నాడే బెయిలు మీద వెళ్ళిపోవచ్చు. అందుకని పన్నెండు వారాల సిలబస్ లాంటివి వేసుకోకండి. నేను వేసుకున్నాను, రెండో వారానికే చింపేశాను. ఏ రోజు పని ఆ రోజు తెమిలిపోవాలి. మొదలూ చివరా ఆ గంటలోనే ఉండాలి. స్పెషల్ హోమ్‌లో అయితే కొంచెం నిదానంగా నడవొచ్చు.

ఖైదీ, ముద్దాయి, నేరస్థుడు అనే మాటలు గేటు బయటే వదిలెయ్యండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు, నింద ధ్వనించే మాటలు పిల్లల విషయంలో వాడకూడదని ఆ చట్టంలోనే ఉంది. ఆఫీసు కాగితాల్లో "చట్టంతో ఘర్షణ పడిన బాలలు" అంటారు. నాకు అదీ నోరు తిరగదు. పిల్లలు అంటాను, కుర్రాళ్ళు అంటాను.

అనుమతికి సూపరింటెండెంట్ గారి పేర దరఖాస్తు పెట్టండి. పైన జువైనల్ వెల్ఫేర్ శాఖ ఒప్పుకోవాలి కాబట్టి టైము పడుతుంది. తెలిసిన నాయకుడి చేత ఫోన్ చేయించకండి, పని అయినా ఆ తరవాత అక్కడ మిమ్మల్ని ఎవరూ నమ్మరు. దరఖాస్తులో మీరేం చేస్తారో రెండు లైన్లు చాలు. ఏం చెయ్యరో మాత్రం వివరంగా రాయండి: ఫొటోలు తియ్యను, ఫోన్ లోపలికి తేను, కేసుల గురించి అడగను, పిల్లలకి డబ్బులు గానీ తినేవి గానీ ఇవ్వను, ఉత్తరాలు బయటికి చేరవెయ్యను. నా అనుభవంలో తలుపు తీయించింది ఆ రెండో పేరానే.

సంచిలో పెట్టుకోవాల్సినవి

స్పైరల్ నోట్‌బుక్కులు పనికిరావు, ఆ తీగె లోపలికి రానివ్వరు. మామూలు పుస్తకాలు కొని స్టేపుల్ పిన్నులు తీసేసి, విడి కాగితాలుగా పట్టికెళ్ళండి. పెన్సిళ్ళు ఇంటి దగ్గరే చెక్కుకోండి, షార్ప్‌నర్‌లో బ్లేడు ఉంటుంది కాబట్టి అది గేటు దాటదు. పన్నెండు పెన్సిళ్ళు లోపలికి వెళ్ళాయని గేటు దగ్గర రాయించండి, పన్నెండూ బయటికి వచ్చాయని మళ్ళీ రాయించండి. ఒకటి తగ్గితే అది దొరికేదాకా పిల్లలందర్నీ తనిఖీ చేస్తారు. మీ అజాగ్రత్తకి వాళ్ళు చేతులెత్తి నిలబడతారన్నమాట.

రబ్బరు మాత్రం ఎవరు రానిచ్చినా తీసుకెళ్ళకండి. రబ్బరుంటే గంటసేపూ చెరపడమే సరిపోతుంది. నచ్చకపోతే గీత కొట్టి పక్కన రాయమనండి.

ఇంకొక చిన్న ఏర్పాటు. ఒక ఏ4 కాగితాన్ని ఎనిమిది గళ్ళు వచ్చేలా మడిచి, మధ్యలో ఒక్క కోత పెట్టి, మళ్ళీ మడిస్తే పిన్నూ దారమూ లేకుండా ఎనిమిది పేజీల బుల్లి పుస్తకం అవుతుంది. కోత ఇంటి దగ్గరే పెట్టుకుని వెళ్ళండి. రూళ్ళ కాగితం ముందు పెడితే బడి గుర్తొచ్చి ముడుచుకుపోయే కుర్రాడు కూడా అరచేతిలో పట్టే పుస్తకం ఇస్తే అట్ట మీద ముందు తన పేరు రాసుకుంటాడు. అసలు పేరు కాదు. దాని సంగతి ఇదిగో.

మొదటి పది నిమిషాలు

కింద గుండ్రంగా కూర్చోండి. మీరూ కిందే. మీకని తెచ్చిన కుర్చీలో డ్యూటీలో ఉన్న కేర్‌టేకర్‌ని కూర్చోమనండి. ఆయన ఒప్పుకుంటే ఆయన చేతికీ ఒక పెన్సిల్ ఇవ్వండి. గోడకి ఆనుకుని చూస్తున్న పెద్దమనిషి కాపలావాడిలా కనిపిస్తాడు. పెన్సిల్ కొరుకుతూ ఆలోచిస్తున్న పెద్దమనిషిని చూస్తే పిల్లలకి నవ్వొస్తుంది. మా దగ్గర ఒకాయన మూడు వారాలు నాకొద్దని, నాలుగో వారం తన మొదటి సైకిలు గురించి రాశారు. ఆ రోజు నుంచి తన డ్యూటీ మంగళవారం పడేలా ఆయనే చూసుకునేవారు.

ఆ తరవాత ప్రతివాడూ ఒక కలం పేరు పెట్టుకోవాలి. రాకెట్, పులస, వకీల్‌సాబ్, చిన్న తుఫాను... ఆ గంటలో అవే పేర్లు. హాజరు పట్టీ పేర్లు వద్దు.

మూడు మాటలు చెప్పండి, ప్రతి వారమూ చెప్పండి, ఎందుకంటే ప్రతి వారమూ ఎవడో ఒకడు కొత్తవాడుంటాడు. ఒకటి, ఇక్కడ కేసు గురించి రాయొద్దు. రెండు, ఇక్కడ అబద్ధాలు రాయొచ్చు. మూడు, ఎవరైనా మిమ్మల్ని బాధపెడుతున్నారని గానీ, మిమ్మల్ని మీరు ఏదైనా చేసుకుంటారని గానీ నాకు తెలిస్తే దాన్ని నా కడుపులో దాచుకోను, చెప్పాల్సినవాళ్ళకి చెబుతాను. "ఎవరికీ చెప్పను, నాతో చెప్పు" అని మాత్రం పొరపాటున కూడా అనకండి.

రెండో మాటకి పిల్లలు నమ్మలేనట్టు చూస్తారు. అదెందుకు పెట్టుకున్నానో చెప్పాలంటే నా తెలివితక్కువ పని ఒకటి ఒప్పుకోవాలి.

సంచి

రాయడం నేర్పేవాళ్ళందరి దగ్గరా ఉండే పాత చిట్కా ఒకటుంది. "ఒక మనిషి సంచి పట్టుకుని నడుస్తున్నాడు. సంచిలో ఏముందో రాయండి." కాలేజీల్లో ఎన్నిసార్లు ఇచ్చానో, ఎప్పుడూ బాగానే పండింది. మూడో వారం హోమ్‌లోనూ అదే ఇచ్చాను. గది చల్లబడిపోయింది. ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు నవ్వి అన్నాడు:

"పోలీసులూ ఇదే అడిగేరు మేస్టారూ. సంచిలో ఏటుందని."

ఏజెన్సీ నుంచి కిందికి దిగే గంజాయి సంచుల్ని మోయడానికి పిల్లల్ని వాడుకుంటారన్నది ఈ జిల్లాలో పేపరు చదివే ఎవరికైనా తెలుసు. నాకూ తెలుసు. తెలిసీ అడిగాను, చిట్కా పాతదని, చేతికి అలవాటైనదని.

ఆ రోజు బస్సులో కూర్చుని లెక్కేసుకున్నాను. హోమ్‌కి వచ్చేసరికి ఒక కుర్రాడు తన కథ ఎన్నిసార్లు చెప్పుంటాడు? స్టేషన్లో ఒకసారి. బోర్డు ముందు ఒకసారి. సామాజిక దర్యాప్తు నివేదిక రాసే ప్రొబేషన్ ఆఫీసర్‌కి ఒకసారి. లాయరుకి, కౌన్సెలర్‌కి, చూడ్డానికి వచ్చిన మేనమామకి. అందరూ "నిజం చెప్పు" అన్నవాళ్ళే. వాళ్ళ పని అది, తప్పుపట్టను. ఏడో మనిషిగా నేనెళ్ళి, కాగితం ఇచ్చి, నీ కథ రాయమంటే వాడికి అది కథ కాదు, ఇంకో వాంగ్మూలం. పైగా విచారణ నడుస్తున్నప్పుడు "ఆ రాత్రి నేనూ మావాళ్ళూ" అని మొదలయ్యే కాగితం ఎవరి చేతిలో పడినా వాడికి మంచిది కాదు.

అందుకే మా గంట అబద్ధాల గంట. ఊళ్ళో మిగతావాళ్ళందరూ వాణ్ని నిజం అడుగుతారు. మనం అడగం.

ఈ కిటుకు మీకు అబ్బితే ఏ ప్రశ్న పనికొస్తుందో ఏది రాదో మీకే తెలిసిపోతుంది. "ఆ రోజు ఏం జరిగింది", "నీతో ఎవరున్నారు", "ఎందుకలా చేశావు", "నువ్వు మర్చిపోలేని రోజు"... ఇవన్నీ స్టేషన్ ప్రశ్నలకి చుట్టాలే. "అమ్మ" కూడా వద్దు. బడిలో వ్యాసానికి అది తేలిక అంశం, ఇక్కడ మందుపాతర. అమ్మ గురించి వాళ్ళంతట వాళ్ళు రాస్తే చదవండి, మీరు మాత్రం అడగకండి.

టికెట్టు

మరి ఏమివ్వాలి? ఆ తరవాతి వారం ఆలోచించి ఆలోచించి ఆర్కే బీచ్‌లో గవ్వలు ఏరి పట్టికెళ్ళాను. గేటు దగ్గర ఆపేశారు. "అంచులు సూడండి మేస్టారూ, కోసుకుంటాది." నిజమే. లోపల పన్నెండు మంది కూర్చుని ఉన్నారు, నా దగ్గర ఏమీ లేదు. జేబు తడిమితే బస్ టికెట్ తగిలింది. సింహాచలం వెళ్ళే 28 నంబరు బస్సుది. అప్పటి నుంచి నేను ఎన్ని రకాలు ప్రయత్నించినా దాన్ని మించింది దొరకలేదు, కాబట్టి మీరు మొదటి రోజు ఇదే చెయ్యండి.

టికెట్టు చేతులు మారనివ్వండి. అందరూ చూశాక నాలుగు ప్రశ్నలు, ఒకదాని తరవాత ఒకటి, మధ్యలో ఆగుతూ:

ఈ టికెట్టు ఎవరిది? మీకు తెలిసినవాళ్ళది కాకూడదు.
ఎక్కడ ఎక్కారు? చేతిలోనో ఒళ్ళోనో ఏముంది?
ఎక్కడ దిగాలి?
అక్కడ ఎందుకు దిగలేదు?

నాలుగోది అడిగేదాకా కథ ఉండదు, మనిషి మాత్రమే ఉంటాడు. దాన్ని ముందే చెప్పెయ్యకండి. మూడు ప్రశ్నలకి జవాబులు రాసుకుని హాయిగా ఉన్నవాళ్ళ మీద నాలుగోది పడెయ్యండి.

రాకెట్ అనేవాడు ఒక ముసలమ్మని బస్సెక్కించాడు. అప్పన్న దర్శనానికి వెళ్తోంది. సంచిలో కోడిపుంజు ఉంది. చదవగానే మిగతావాళ్ళు లేచారు.

"సింహాద్రప్పన్న దగ్గరికి కోడిని అట్టుకెల్తారేట్రా!"

నేను సర్దిచెప్పబోయాను. ఆగి ఉండాల్సింది. రాకెట్ ఒక్క క్షణం తెల్లమొహం వేసి, అంతలోనే గట్టిగా అరిచాడు: "అందుకే కదేటి దిగనేదు!"

గోపాలపట్నం దాటాక ముసలమ్మకి గుర్తొచ్చిందట, పుంజుని కూతురింట్లో దింపడం మర్చిపోయానని. కొండ కింద బస్సు ఆగింది, అందరూ దిగారు, ఆవిడ దిగలేదు. బస్సులోంచే కొండకి దణ్ణం పెట్టుకుని అదే బస్సులో వెనక్కి వచ్చింది. కండక్టర్ కోడికి టికెట్ అడిగాడు. వాడి తప్పుని పక్కవాళ్ళు ఎత్తిచూపితే ఆ తప్పే కథకి ఇరుసు అయింది. ప్లాటు గురించి నేను ఇంతకన్నా బాగా చెప్పలేను.

సంచిలో ఏముందని ఈసారి నేను అడగలేదు. వాడే చెప్పాడు.

రాయడం రానివాళ్ళు

పన్నెండు మందిలో ముగ్గురు నలుగురికి అక్షరాలు కూడబలుక్కునేంతే వస్తాయి. ఆరేడు తరగతుల్లో బడి మానేసినవాళ్ళు, అసలు గట్టిగా వెళ్ళనివాళ్ళు. "నాకు కడుపునొప్పి", "నాకు బోరు" అని పక్కకి జరిగేది వీళ్ళే. రాయమని బతిమాలకండి. "నువ్వు చెప్పు, నేను రాస్తాను" అనండి. పక్కకి తీసుకెళ్ళకుండా అందరిలోనే కూర్చుని రాయండి.

ఇక్కడొక క్రమం ఉంది, దాన్ని తప్పకండి. వాడు చెప్పింది చెప్పినట్టు రాయాలి. పైకి చదివి వినిపించాలి. "ఇది నువ్వన్నదేనా?" అని అడగాలి. వాడు మార్చమన్నది మార్చాలి. మళ్ళీ చదవాలి. మూడోసారికి వాడే "ఆ మాట తీసీండి, అక్కర్నేదు" అంటాడు. ఎడిటింగ్ అంటే అదే కదా.

సముద్రం పక్క పేట నుంచి వచ్చిన ఒక కుర్రాడు చెప్పింది నేను చెవితో విని, చేత్తో దిద్దేశాను. అలవాటు. "వేటకి వెళితే మా నాన్న వారం పది రోజులు ఇంటికి రాడు" అని నీటుగా రాసి చదివాను. వాడు మొహం చిట్లించాడు.

"ఇది నాను సెప్పింది కాదు మేస్టారూ. టీవీలో సెప్పినట్టుంది."

మళ్ళీ మొదటినుంచి రాశాం. వాడు ఒప్పుకున్న పాఠం ఇది:

"ఏటకెల్తే మా నాన్న వారం పది రోజులు ఇంటికి రాడు. ఒచ్చినా రాత్రొచ్చి పడుకుంటాడు. ఏట బందు పెట్టిన రెండు నెల్లే ఆరి సేతులు సూస్తాను. వల బాగు సేస్తంటే ఏళ్ళు ఆడతాయి. ఆరు సూడరు, అయ్యే ఆడతాయి."

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మర బోట్లు చేపల వేటకి వెళ్ళకూడదు. నేను దాన్ని ఎప్పుడూ చేపల ధర పెరిగే కాలంగానే చూశాను. ఒక పిల్లాడికి అది తండ్రి చేతులు కనిపించే కాలం.

"వేళ్ళు" అని దిద్దితే ఏం పోతుంది అంటారా? వాడు పోతాడు. రావిశాస్త్రి గారు ఈ ఊళ్ళోనే వకీలుగా పనిచేస్తూ ఇక్కడి మనుషుల మాటని కథల్లోకి తెచ్చారు, దాన్ని మనం సాహిత్యం అని చదువుకుంటాం. అదే మాట కుర్రాడి నోట్లోంచి వస్తే తప్పని ఎర్రగీత కొడతాం. ఒత్తులూ దీర్ఘాలూ తరవాత, వాడు అడిగిన రోజున. అడుగుతారు కూడా. తన పుస్తకం అట్ట మీద తప్పు ఉండకూడదని ఎవడికైనా ఉంటుంది.

పాడేరు, ముంచంగిపుట్టు వైపు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన పిల్లలకి తెలుగు రెండో భాషో మూడో భాషో. వాళ్ళని వాళ్ళ భాషలోనే చెప్పనివ్వండి. ఆ భాష తెలిసిన ఇంకో కుర్రాడు ఉంటే వాణ్ని దుబాసీగా పెట్టండి. ఆ రోజంతా వాడి నడక మారిపోతుంది.

ఫైట్ సీను

స్వేచ్ఛగా రాయమంటే పదిమందిలో ఏడుగురు సినిమా ఫైట్ రాస్తారు. హీరో వచ్చాడు, కత్తి తీశాడు, ఇరవై మందిని కొట్టాడు. కొత్తగా వచ్చిన వాలంటీర్లు దీన్ని చూసి బెదిరిపోతారు. "హింస వద్దు బాబూ, మంచి కథ రాయండి" అంటారు. అలా అంటే కాగితం మీది ఫైట్ ఆగిపోతుంది, దాంతోపాటు రాయడమూ ఆగిపోతుంది.

నేను ఆపను. ఒక్క ప్రశ్న వేస్తాను. "ఫైట్‌లో ఒక పళ్ళబండి పడిపోతుంది కదా, ఆ బండి ఎవరిది?"

మన సినిమాలు చూసినవాళ్ళకి ఆ బండి తెలియకుండా ఉండదు. జామకాయలో కొబ్బరిబోండాలో గాల్లోకి లేస్తాయి, తరవాత షాట్‌లో ఇక కనిపించవు. ఆ బండాయన పూర్ణా మార్కెట్‌లో ఎన్నింటికి సరుకు ఎత్తాడు? ఎంతకి? ఫైట్ అయిపోయాక ఏం చేశాడు? ఈ మూడు అడగండి చాలు. సరుకు ఎత్తడం, తూకం, పోలీసు వచ్చి బండి జరపమనడం, ఇవన్నీ వాళ్ళకి మనకన్నా బాగా తెలుసు. అప్పటిదాకా మూడు లైన్లు దాటనివాడు పేజీ తిప్పుతాడు.

చిన్న తుఫాను రాసింది ఇలా ముగిసింది: "అందరూ ఎలిపోయేరు. బండాయన కూకుని జాంకాయలు ఏరుకున్నాడు. దెబ్బ తగిల్నవి ఒక పక్క, మంచివి ఒక పక్క. మంచివి అమ్మాలి. దెబ్బ తగిల్నవి ఇంటికాడ పిల్లలకి."

గది నిశ్శబ్దంగా ఉంది. పక్కవాడు, "ఆ హీరోకి బుద్ధుందేట్రా" అన్నాడు.

ఇక్కడ మీరు నోరు కుట్టేసుకోవాలి. "చూశారా, మనం కొట్టుకుంటే నష్టం ఎవరికో!" అని నాలుక చివరిదాకా వస్తుంది. అన్నారో, ఆ కథ వాడి చేతిలోంచి జారి మీ నీతిపాఠం అయిపోతుంది. వచ్చే వారం అందరూ మీకు నచ్చే కథలే రాస్తారు. ఈ పిల్లలు పెద్దవాళ్ళకి ఏం కావాలో పసిగట్టడంలో ఆరితేరినవాళ్ళు.

ఇదే కారణం చేత "నేను మారాను" వ్యాసాలు రాయించకండి. ఆగస్టు 15కో, నవంబరు 14 బాలల దినోత్సవానికో అతిథులు వస్తారు, పిల్లాడెవడైనా పశ్చాత్తాపంతో రెండు ముక్కలు చదివితే బాగుంటుందని మీ మీద ఒత్తిడి వస్తుంది. గొడవపడకండి, మర్యాదగా ఇంకోటి చేతిలో పెట్టండి. మేము ముసలమ్మ, కోడిపుంజు చదివించాం. అతిథులు పడీపడీ నవ్వారు. పశ్చాత్తాపం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

చెడిపోయే రోజులు

వాయిదాకి వెళ్ళి బెయిలు రాకుండా తిరిగొచ్చినవాడు ఉన్న రోజున క్లాసు నడవదు. నడపకండి. పొడుపు కథలు చెప్పుకోండి. పొడుపు కథ మంచి కవిత్వ పాఠం కూడా, కానీ ఆ రోజు ఆ మాట అనకండి.

ఎవడైనా ఏడిస్తే ఏడవనివ్వండి. దగ్గరికి తీసుకోవాలనిపిస్తుంది. వద్దు, ముట్టుకోవద్దు, పక్కన కూర్చోండి. క్లాసు అయ్యాక కౌన్సెలర్‌కి చెప్పి వెళ్ళండి. రాత మధ్యలో తన మీద లైంగిక దాడి లాంటిది జరిగిందని బయటపడితే అది మీ ఇష్టాయిష్టాల విషయం కాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. ప్రశ్నలు వేసి వివరాలు లాగకండి. "నువ్వు చెప్పడం మంచిపని, ఇప్పుడు దీన్ని ఫలానావారికి చెబుతాను" అని వాడికే ముందు చెప్పి, అదే రోజు కదలండి. దారి తెలియకపోతే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి.

కాగితాలు ఎవరివి?

రాసినవాడివి. వెళ్ళిపోయేటప్పుడు పట్టుకెళ్తానంటే ఇవ్వాలి, చింపేస్తానంటే చింపనివ్వాలి. సిబ్బంది చదువుతారా అన్నది మొదటి వారమే సూపరింటెండెంట్ గారితో మాట్లాడుకుని, ఉన్నదున్నట్టు పిల్లలకి చెప్పెయ్యండి. "చదువుతారు" అని ముందే తెలిస్తే వాళ్ళు దానికి తగ్గట్టు రాసుకుంటారు. తెలియక రాసి, తరవాత తెలిస్తే ఇంక మీ మొహం చూడరు.

అచ్చు వేద్దాం, ఫేస్‌బుక్‌లో పెడదాం అని మీకు అనిపించే రోజు ఒకటి వస్తుంది, ఎందుకంటే కొన్ని నిజంగా బాగుంటాయి. ఆ రోజు జువైనల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 గుర్తు తెచ్చుకోండి. పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో, ఆనవాలు పట్టించే ఏ వివరమైనా బయటపెడితే 6 నెలల దాకా జైలు, లేదా 2 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మొహం మసకబెట్టిన ఫొటో కూడా తియ్యకండి. చొక్కాని బట్టి పోల్చేవాళ్ళు ఉంటారు. మేము లోపలే ఒక గోడపత్రిక నడుపుతాం, కలం పేర్లతో. పాఠకులు అరవై మందికి మించరు. ప్రతివాడూ ప్రతిదీ చదువుతాడు. ఈ రోజుల్లో ఏ రచయితకి ఆ భాగ్యం ఉంది!

బయట కనబడితే

దీని గురించి ఎవరూ అడగరు గానీ, ఇదీ నేర్చుకోవాల్సిందే. విశాఖ ఎంత పెరిగినా జగదాంబ దగ్గరో బీచ్ రోడ్డులో 900కె బస్సులోనో ఏదో ఒక రోజు మీ విద్యార్థి ఎదురవుతాడు. మీరు పలకరించకండి. కళ్ళు కలిసినా చూపు తిప్పేసుకోండి. వాడి పక్కనున్నవాళ్ళకి వాడి సంగతి తెలుసో లేదో మీకు తెలీదు. వాడు పలకరిస్తే అప్పుడు ఆగండి, మొదటి మాట వాణ్నే అననివ్వండి.

నాకు ఒకసారి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో జరిగింది. భీమిలి బస్సు కోసం నిలబడి ఉంటే వెనకనుంచి "మేస్టారూ!" అని కేక. పొడుగయ్యాడు, మీసాలు వస్తున్నాయి. పక్కన పిన్నో అత్తో, చేతిలో టిఫిన్ క్యారియర్. ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఎవుర్రా?" అంది.

వాడు అర క్షణం ఆగాడు.

"సినిమాలకి కథలు రాస్తారు పిన్నీ. బీచ్ కాడ షూటింగ్‌లో కలిసేరు."

"అవునమ్మా" అన్నాను.

"ఏ సినిమా బాబూ?" అందావిడ, ఉన్నట్టుండి మొహం విప్పారిపోతూ.

వాడు నా వైపు చూశాడు.

"ఇంకా రిలీజవలేదమ్మా" అన్నాను.